రెండు వైపులా పిన్నులున్న వైరు

పోయిన నెలలో గిద్దలూరు నుంచి ఒక జంట నాకు ఫోన్ చేసింది. ఈ మధ్యే పెళ్లయినవాళ్లు. పాత టెంపో వ్యాను ఒకటి కొని, అందులో మంచం, చిన్న వంటగట్టు, ఫ్యాను, ఫ్రిజ్ అమర్చుకుని ఊళ్లు తిరగాలని వాళ్ల ఆలోచన. ఎక్కడైనా ఆగినప్పుడు దగ్గర్లో ఉన్న ఇంటివాళ్లనో లాడ్జివాళ్లనో అడిగి కరెంటు తీసుకోవాలి. అందుకు బండి బయట ఒక కనెక్షన్ పెట్టించాలి. అది ఏ పక్కన పెట్టించాలన్నది వాళ్ల ప్రశ్న.

"మా మెకానిక్ డోర్ పక్కన పెడతానంటున్నాడు అంకుల్. చేతికి అందుబాటులో ఉంటదంట" అంది ఆ అమ్మాయి.

ఆ మాట వినగానే నా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. వాళ్లకు చెప్పాల్సింది పది నిమిషాల్లో చెప్పాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. "క్యా హువా జీ? ఎవరు పోయినారు?" అని మా ఆవిడ అడిగింది. ఎవరో పోయిన కబురు వచ్చిందనుకుంది నా ముఖం చూసి.

ఎక్కడ పెట్టాలో ఫోన్‌లో చెప్పగలిగాను. అది నేను ఎట్లా నేర్చుకున్నానో చెప్పలేకపోయాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం అది ఇప్పుడు రాస్తున్నాను.

పన్నెండు వోల్టుల చెయ్యి

నా పేరు ఖాసిం. మార్కాపురంలో బండ్ల ఎలక్ట్రీషియన్‌గా నలభై ఏళ్లకు దగ్గరగా పని చేశాను. అందులో ఎక్కువ కాలం వీరాచారి మేస్త్రి గారి షెడ్డులోనే. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆ దుమ్ము నీకొద్దని ఆయనే తీసుకెళ్లి మేస్త్రి దగ్గర అప్పజెప్పాడు.

మేస్త్రి గారు వడ్రంగి. లారీలకు, వ్యాన్లకు చెక్కతో, రేకుతో బాడీలు కట్టేవారు. ఆయన కట్టిన బాడీకి లైట్లు, హారను, వైపరు, వాటి వైరింగు నా పని. చెక్కలో ఆయన ఎవరినీ మోసం చేయలేదు. పుచ్చు పలక కనబడితే కొనుక్కున్నవాడు చూడకపోయినా తీసి అవతల పారేసేవారు. బోల్టు బిగించాక ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి తిప్పి చూడమనేవారు. నాకు చెయ్యి తిప్పడం నేర్పింది ఆయనే. తర్వాత చెప్పబోయే మాటలు చదివేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోండి.

బండి కరెంటు బ్యాటరీది. పన్నెండు వోల్టులు, పెద్ద లారీ అయితే ఇరవై నాలుగు. ఒట్టి చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. వైరు కొస రేకుకు తాకించి నిప్పురవ్వ వస్తే కరెంటు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. రోజంతా అదే ఆట. ఏళ్ల తరబడి అట్లా పని చేసిన చేతికి భయం పోతుంది. మీరు బండ్ల పని చేస్తూ చేస్తూ ఇంటి కరెంటు జోలికి వెళ్తే మొదట గుర్తు చేసుకోవాల్సింది ఇదే. మీ చేతికి భయం లేదు. అది నేర్పు కాదు, అలవాటు మాత్రమే. నాకు ఆ తేడా చెప్పినవాళ్లు లేరు.

నా తెలివి

మా షెడ్డుకు వచ్చిన మొదటి కాపురం బండి యోహాను పాస్టరు గారిది. కాపురం బండి అనే పేరు మేస్త్రి పెట్టిందే. పాస్టరు గారు, ఆయన భార్య రూతమ్మ నెలలో పది రోజులు అర్ధవీడు పక్క పల్లెల్లో తిరిగి ప్రార్థనలు పెట్టేవారు. పాత స్కూలు వ్యాను కొని, పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా చేయించుకోవడానికి వచ్చారు.

"ఎవరింట్లోనన్నా పడుకోవచ్చు గదా అయ్యగారూ?" అని మేస్త్రి అడిగితే రూతమ్మే జవాబు చెప్పింది.

"అన్నీ కూలికి పోయే ఇండ్లన్నా. మేము పోతే ఉన్న ఒక్క మంచం మాకిచ్చి వాళ్ళు నేల మీద పడుకుంటారు. పొద్దున్నే మళ్ళా పనికి పోవాల. మాకు ఒక లైటుకు, ఫ్యానుకు కరెంటు ఇస్తే చాలు."

బండి బయట పెట్టే కనెక్షన్‌కు ఒక పద్ధతి ఉంది. పిన్నులు బండి వైపు ఉండాలి, అవి కూడా లోపలికి, వేలు తగలనంత గుంటలో. దాన్ని ఇన్‌లెట్ అంటారు. కరెంటు తెచ్చే వైరు చివర ఉండాల్సింది రంధ్రాలే, పిన్నులు కాదు. అప్పట్లో ఆ సామాను మార్కాపురంలో దొరికేది కాదు. హైదరాబాదు నుంచి రావాలి, పదిహేను రోజులు పడుతుందన్నారు. పాస్టరు గారికి ఆ వారంలోనే ప్రార్థన కూటాలు ఉన్నాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇంట్లో గోడకు పెట్టే మామూలు మూడు రంధ్రాల సాకెట్టే తెచ్చి బండికి బయట బిగించాను. ఇంటి బోర్డుకూ రంధ్రాలే, బండికీ రంధ్రాలే. కాబట్టి వైరుకు రెండు కొసలా పిన్నులున్న ప్లగ్గులు పెట్టాను. పది మీటర్ల వైరు. రెండు చివరలా నల్ల టేపు నీటుగా చుట్టాను. సాకెట్టు డోరు పక్కన, మెట్టుకు కొంచెం పైన పెట్టాను. చేతికి అందుబాటులో ఉంటుందని.

మేస్త్రి చూసి, "బాగుంది రా. ఎవురు చెప్పినారు నీకు?" అన్నారు.

"ఎవురూ చెప్పలేదు మేస్త్రీ. నేనే అనుకున్నా" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పటికీ నాకు తెలుసు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఎవరైనా అడిగితే మేస్త్రి చెప్పినట్టు చేశానని చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ వైరు నా తెలివే.

అందులో ఉన్న ప్రమాదం ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఒక కొస ఇంటి బోర్డులో ఉంది, స్విచ్చి వేసి ఉంది. రెండో కొస బండి నుంచి ఊడిపోయింది. ఊడిన కొసకు మూడు పిన్నులు బయటికి పొడుచుకుని ఉంటాయి. అందులో ఒకదాంట్లో ఇంటి కరెంటు మొత్తం ఉంటుంది. అది నేల మీద, మనుషుల కాళ్ల మధ్య, చేతుల మధ్య పడి ఉంటుంది.

నాకు అది తట్టలేదు. ప్లగ్గు రంధ్రంలోకి పోతోందా లేదా అన్నదే చూశాను. అట్లాంటి బండ్లు అయిదు చేశాను. అయిదో బండి పోయిన కొంతకాలానికి మేస్త్రి ఒకరోజు ఉన్నట్టుండి, "ఇంక ఈ కాపురం బండ్లు మనకొద్దురా. లారీలు చాలు" అన్నారు. ఎందుకు మేస్త్రీ అంటే తలనొప్పి అన్నారు. నేను ఇంకేమీ అడగలేదు.

రూతమ్మ చెయ్యి

మేస్త్రికి వయసు మీద పడి షెడ్డు మూసేశాక నేను కంభం రోడ్డులో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పాస్టరు గారి బండి వచ్చి ఆగింది.

"ఖాసిమన్నా, ఆ సాకెట్టు లూజయింది. బండి కదిలిస్తే వైరు ఊడొస్తా ఉంది. కొంచెం టైటు చేసియ్యన్నా" అన్నాడాయన.

రూతమ్మ కూడా దిగింది. కుడి చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే ఎడమ చేత్తో అందుకుంది.

"ఏమైందక్కా చేతికి?"

"ఏం లేదు తమ్ముడా. వాన పడిన తెల్లారి ఈయన బండి కొంచెం ముందుకు తీసినాడు. వైరు ఊడి బురదలో పడింది. చుట్టిపెడదామని పట్టుకున్నా. కొట్టింది. నాదే తప్పు, తడి చెయ్యి గదా."

కొంగు తీసి చూపించింది. అరచేతికి అడ్డంగా నల్లటి గీత. చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. తెరవబోయింది, అవి తెరుచుకోలేదు.

"ఆ ఇంటామె పరిగెత్తుకుంటా పోయి బోర్డులో పిన్ను పీకింది. లేకపోతే ఆ పొద్దే పోయేదాన్ని" అంది, ఎవరి విషయమో చెబుతున్నట్టు.

ఇన్నేళ్లుగా కళ్లముందున్నది ఒక్కసారిగా కనబడింది. పిన్నులు. బురదలో పడి ఉన్న పిన్నులు. వాటిని పెట్టింది నేను. ఆమె ముడుచుకుపోయిన వేళ్లతో నా దగ్గరికి వచ్చి, నాదే తప్పు అంటోంది. వాళ్లు నన్ను నిలదీయడానికి రాలేదు. సాకెట్టు టైటు చేయించుకోవడానికి వచ్చారు.

బండి ఇక్కడ వదిలి రేపు రండి అని మాత్రం అన్నాను. వాళ్లు వెళ్లాక ఆ వైరును ముక్కలు ముక్కలుగా కోశాను. మర్నాడు వాళ్లు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది తడి చేతి తప్పు కాదు, నా చేతి తప్పు అన్నాను.

పాస్టరు గారు తల దించుకుని కూర్చున్నారు. రూతమ్మే అడిగింది.

"ఇంకా ఎన్ని ఉండాయి తమ్ముడా ఇట్లాంటివి?"

"నాలుగక్కా."

"మరి ఇంకా ఇక్కడే కూచున్నావేంది?"

మేస్త్రి మాట

బండ్లు ఎవరెవరివో ఒకసారి సరిచూసుకుందామని మేస్త్రి ఇంటికి వెళ్లాను. వరండాలో మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నారు. రూతమ్మ సంగతి చెప్పాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు. అది నాకు వింతగా తోచింది.

"ఎవురన్నా వచ్చి అడిగినారా నిన్ను?" అన్నారు.

"లేదు మేస్త్రీ."

"అడగనప్పుడు నువ్వెందుకు పోవాల? పోయి నా తప్పు అంటివనుకో. రేపు కేసైతే నీ పెండ్లాం బిడ్డల్ని ఎవురు చూస్తారు?"

నేను పోవాల్సిందే అన్నాను. ఒక్కొక్క బండి పేరూ చెప్పాను. ట్రస్టువాళ్ల కళ్ల పరీక్షల వ్యాను. కనిగిరి హెడ్మాస్టరు గారి యాత్రల బండి. బోరు లారీ కూలీలు పడుకునే బండి. చంద్రశేఖరపురం పక్క పల్లె, తిరునాళ్లలో స్టీలు సామాను అమ్మే శేషయ్య బండి.

"మూడింటికి పో. చంద్రశేఖరపురం పోవద్దు" అన్నారు మేస్త్రి.

"ఎందుకు?"

"పోవద్దంటే పోవద్దు. ఆ బండి తిరగడంలేదిప్పుడు." అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మూడు బండ్లు

కళ్ల వ్యానును ఒక రేకుల షెడ్డు కింద చూశాను. కళ్లు సరిగ్గా కనబడని ముసలివాళ్లు ఎక్కే మెట్టు పక్కనే నా సాకెట్టు ఉంది. ఎక్కేవాళ్లు ఆసరాకు దాన్నే పట్టుకుంటున్నారట. నేను వెళ్లిన సమయానికి ఆ ప్లగ్గుకు ఎవరిదో అన్నం క్యారియరు సంచి తగిలించి ఉంది. ఏమిటమ్మా ఇది అంటే, "కొక్కెం మాదిరి బాగుంది గదా" అంది అక్కడి నర్సు.

బోరు బండిని వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఒక చేను గట్టున దొరికింది. వాళ్ల వైరుకు ప్లగ్గులే లేవు. ఎప్పుడో విరిగిపోయాయట. రెండు వైపులా ఒట్టి రాగి తీగలను సాకెట్టు రంధ్రాల్లోకి దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు కుక్కారు. కింద బోరు నీళ్లు పారుతున్నాయి. ఆ నీళ్లలో ఒకతను చెప్పులు లేకుండా నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. నేను అరిచిన అరుపుకు అందరూ పాము అనుకుని ఎగిరారు.

కనిగిరి హెడ్మాస్టరు గారి బండికి నేను సాకెట్టు డీజిలు మూతకు జానెడు కింద పెట్టాను. పిన్ను లాగినప్పుడు నిప్పురవ్వ వస్తుంది. అక్కడే డీజిలు కారుతుంది. చెప్పగానే ఆయన నన్ను నిలబెట్టి అరగంట తిట్టారు. "నలభై ఏండ్లు పిలకాయలకు చెప్పినా, తెలియకపోతే అడగండిరా, అడగండిరా అని. నువ్వు ఎవుర్నన్నా అడిగినావా?" అన్నారు. అడగలేదు సార్ అన్నాను. తిట్టాక అన్నం పెట్టించారు. ఆ తిట్లు నాకు అన్నం కంటే ఎక్కువ అవసరమయ్యాయి.

ఈ మూడు బండ్ల కనెక్షన్లు తీసి మళ్లీ పెట్టేటప్పుడే ఎక్కడ పెట్టాలన్నది నాకు తెలిసింది. మన బండ్లకు మనుషులు ఎక్కే డోరు ఎడమ పక్క ఉంటుంది. కనెక్షన్ అక్కడ వద్దు. వైరు కాళ్లకు తగులుతుంది, తడి చేతులు తగులుతాయి. కుడి పక్క, వెనక చక్రం దాటాక పెట్టండి. డ్రైవరు అద్దంలో చూస్తే వైరు కనబడుతుంది, తగిలించి ఉండగా బండి కదిలించడు. చక్రం చిమ్మే బురద తగలనంత ఎత్తు, నడుము దగ్గర ఉండాలి. డీజిలు మూతకు, గ్యాసు సిలిండరు పెట్టే అరకు దూరం ఉండాలి. పైనుంచి కిందికి పడే మూత ఉండాలి, వాన నీళ్లు లోపలికి పోకుండా.

కరెంటు లీకైతే క్షణంలో ఆపేసే ఆర్‌సీసీబీ బండి లోపల ఒకటి పెట్టండి. వైరుకు ఇంటి వైపు కొసన చిన్న పెట్టెలో ఇంకొకటి పెట్టండి. మన పల్లెల్లో చాలా ఇళ్లకు ఎర్తు ఉండదు, వాళ్ల బోర్డును నమ్ముకోకండి. తగిలించేటప్పుడు మొదట బండికి, తర్వాత ఇంటికి. తీసేటప్పుడు మొదట ఇంటి దగ్గర. అన్నిటికంటే ముఖ్యం, పిన్నులు బండివి, రంధ్రాలు వైరువి. మీ షెడ్డులో రెండు వైపులా పిన్నులున్న వైరు కనబడితే ఎవరినీ అడగకుండా కోసేయండి.

చంద్రశేఖరపురం

మేస్త్రి వద్దన్నా నాలుగో బండి కోసం బయల్దేరాను. రూతమ్మ అడిగిన మాట నన్ను కూర్చోనీయలేదు. సామాను సంచీలో పెట్టుకుని, కనిగిరిలో బస్సు మారి, చంద్రశేఖరపురంలో దిగాను. స్టీలు శేషయ్య ఇల్లు ఎక్కడ అని అడిగితే సోడా కొట్టే మనిషి నన్ను ఎగాదిగా చూశాడు.

"తాగుబోతు శేషయ్యా? ఆయన చచ్చి ఆరేండ్లాయె గదా!"

అక్కడి నుంచి పల్లెకు ఎట్లా నడిచానో నాకు తెలియదు. ఎట్లా చచ్చిపోయాడని ఆ మనిషిని అడగలేకపోయాను.

ఇంటి పక్కనే బండి ఉంది. టైర్లు తీసేసి రాళ్ల మీద నిలబెట్టారు. పక్క రేకు కోసి కిటికీ చేసి, బిస్కెట్లు, సబ్బులు, షాంపూ పొట్లాలు వేలాడదీశారు. ఇంటి కిటికీలోంచి ఒక వైరు వచ్చి డోరు పక్కన ఉన్న సాకెట్టులో దూరింది. చివర నల్ల టేపు. నేను చుట్టిన టేపే.

లోపల ఉన్నామె శేషయ్య భార్య కోటమ్మ. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"నువ్వు మార్కాపురం అన్నవు గదా? మా బండికి లైట్లేసినావు. రా అన్నా, కూర్చో. ఆయన లేడన్నా, పోయినాడు."

"ఎట్ల పోయినాడమ్మా?"

"తాగి" అంది.

టీ కాచి ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది. ఎన్నోసార్లు చెప్పిన మాటలు కాబట్టి ఎక్కడా తడబడలేదు.

"తాగుడు ఉండేదిలే అన్నా ముందు. మొక్కుకొని మానేసినాడు. ఎనిమిది నెలలు ముట్టలేదు. ఆ పొద్దు తిరునాళ్ళకు పోయి బండి పెట్టుకున్నాం. అప్పుడే వాన వెలిసింది. నేను లోపల గిన్నెలు సర్దతా ఉండా. బయట ఒకటే నవ్వులు. తొంగి చూస్తే ఈయన వైరు పట్టుకొని ఊగతా ఉండాడు. చుట్టూ జనం నవ్వతా ఉండారు. మళ్ళా తాగొచ్చినాడు గదా అని నాకు కడుపు మండిపాయె. తలుపేసుకున్నా. కొంచేపటికి నవ్వులు ఆగిపోయినాయి. తలుపు తీస్తే కింద పడుండాడు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"తాగకుండా ఉండుంటే సరిగ్గా పట్టుకునేవాడు గదా. అందరూ అదే అన్నారు. మా బావ మార్కాపురం పోయి ఆ షెడ్డు పెద్దాయన్ని కూడా అడిగొచ్చినాడు. తాగి పట్టుకుంటే ఎవురేం చేస్తారు అన్నాడంట ఆయన కూడా."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మేస్త్రి ఆ తర్వాత ఆర్నెల్లే బతికారు. ఆ ఆర్నెల్లలో నేను ఆయన గడప తొక్కలేదు. పోయాక వెళ్లి పాడె మోశాను. పుచ్చు పలకను ఎవరూ చూడకపోయినా పారేసిన మనిషి, ఒక చావును తెలిసి తెలిసి దాచారు. ఈ రెండూ ఒకే మనిషి చేశారని నేను ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను.

నేను లేచి, ముందు ఇంట్లోకి వెళ్లి బోర్డులోంచి పిన్ను తీశాను. తర్వాత బండి వైపు కొస తీసి, వైరు రెండు చివరలూ ఆమె ముందు పెట్టాను.

"ఇది నేను చేసినానమ్మా. రెండు వైపులా పిన్నులు పెట్టినా. ఇట్ల పెట్టకూడదు. ఒక పక్క ఇంట్లో ఉంటే, రెండో పక్క పట్టుకున్నోళ్ళను కరెంటు కొడుతుంది. పాస్టరు గారి భార్యకు ఇట్లే చెయ్యి కాలింది. ఆమె మందు ముట్టే మనిషి కాదు. ఎవురు పట్టుకున్నా ఇదే అవుతుంది."

కోటమ్మ ఆ పిన్నులకేసి చూసింది.

"కొడితే వదిలెయ్యొచ్చు గదా? తాగని మనిషైతే వదిలేస్తాడు గదా?"

"వదల్లేడమ్మా. కరెంటు చేతిని బిగించేస్తుంది. ఎంత బలమున్నోడైనా వదల్లేడు."

ఆమె చాలా మెల్లగా అడిగింది.

"ఊగతారా?"

ఆమె ఏమి అడుగుతోందో నాకు అప్పటికీ తెలియలేదు. పని గురించి అడిగినట్టే జవాబు చెప్పాను. "ఊగుతారు. వొళ్ళంతా కొట్టుకుంటుంది. పిలుద్దామన్నా గొంతు రాదు."

"నేను తలుపేసుకున్నా" అంది కోటమ్మ.

అప్పుడు తెలిసింది నాకు. నా తప్పు ఒప్పుకుని నా బరువు దించుకుందామని వచ్చాను. ఆరేళ్లుగా ఆమె మీద లేని బరువు ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. నీకు తెలియదు గదమ్మా అన్నాను. ఆమెకు వినబడలేదు. ఏడవలేదు కూడా. ఆ బండి తలుపు వైపే చూస్తూ ఉంది.

"తాగలేదు, నన్ను నమ్మవే అని రోజూ అంటా ఉండె అన్నా. నమ్మినట్టే ఉండేదాన్ని గానీ లోపల నమ్మలేదు. పోయినాక కూడా ఆరేండ్ల నుంచి ఆ మనిషిని తిడతానే ఉండా."

ఉన్నట్టుండి లేచి వీధిలోకి పోయింది. పక్కింట్లోంచి వాళ్ల అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బాగా ముసలామె.

"అన్నా, ఇప్పుడు నాకు చెప్పిందంతా ఈమెకు చెప్పు. గట్టిగా చెప్పు, చెవులు వినబడవు."

చెప్పాను. అరిచి చెప్పాను. ముసలామె నా నోటివైపే చూస్తూ విని ఒక్కటే అడిగింది. "అయితే నా బిడ్డ తాగలేదా?"

కోటమ్మ నన్ను చూసింది. ఆ రోజు అతను తాగాడో లేదో నాకు తెలియదు. తెలియనిది ఒకసారి చేసి ఇంతవరకు వచ్చాను. "తాగి ఊగలేదమ్మా. కరెంటు పట్టుకొని ఊగినాడు. అది నా తప్పు" అన్నాను. ముసలామె కూలబడి కొడుకు పేరు పెట్టి పిలిచింది.

అరుపులకు జనం చేరారు. కోటమ్మ బావ చేలోంచి వచ్చాడు. సంగతి వినగానే నా చొక్కా పట్టుకున్నాడు. నేను చేతులు ఎత్తలేదు.

"కొట్టొద్దు బావా. కొడితే ఈయన పోతాడు. చెప్పనీ. అందరికీ చెప్పనీ" అంది కోటమ్మ.

ఆ వీధిలో ఆ రోజు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. కొత్తగా ఎవరు వచ్చినా ఆమె నా ముందుకు తెచ్చి నిలబెట్టింది. ఆ తిరునాళ్లలో నిలబడి నవ్వినవాళ్లు ఇద్దరు వాళ్లలో ఉన్నారు. విని వెళ్లిపోయారు.

జనం పలచబడ్డాక సంచీ తెరిచాను. డోరు పక్కన సాకెట్టు తీసేసి రేకు మూశాను. అవతలి పక్క ఇన్‌లెట్ బిగించి, ఆర్‌సీసీబీ పెట్టి, కొత్త వైరు ఇచ్చాను. ముందు ఎక్కడ తగిలించాలో, ముందు ఎక్కడ తీయాలో మూడుసార్లు ఆమె చేతే చేయించాను. ఆమె తప్పు లేకుండా చేసింది.

పాత వైరు చుట్టి సంచీలో పెట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఇచ్చిపో."

"వద్దమ్మా. ఇది ఇంట్లో ఉండకూడదు."

"కరెంటుకు కాదు. కోసియ్యి."

రెండు ప్లగ్గులూ కోశాను. ఒకదాన్ని జానెడు వైరుతో ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తీసుకెళ్లి బిస్కెట్ల డబ్బాల ముందు, కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కనబడేచోట పెట్టింది.

"ఎవురన్నా ఆయన్ను తాగుబోతు అంటే చూపిస్తా" అంది.

సంచీ భుజాన వేసుకున్నాను. పోయి రా అని ఆమె అనలేదు. అప్పుడే ఒక ముసలాయన సబ్బు కోసం వచ్చాడు. సబ్బు ఇవ్వడానికి ముందు ఆమె ఆ పిన్నులను చేతిలోకి తీసుకోవడం చూసి, నేను బస్సు వైపు నడిచాను.